ఊరంతా గళ్ళ కోట్లే

దొంగలంటే నాకు భయం లేదు. నా ఇంట్లో దొంగకు పనికొచ్చే వస్తువు నా నోరొక్కటే, దాన్ని వాడు మోయలేడు. జబ్బులంటే కూడా పెద్ద భయం లేదు. కానీ వీధిలో ఏ ఆడపిల్లయినా పసుపూ నలుపూ గళ్ళ కోటు వేసుకుని ఎదురైతే మాత్రం ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది. బట్టను చూసి భయపడే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మీరు నవ్వుతారు. నవ్వండి. మా తమ్ముడి భార్య సంగతి విన్నాక కూడా నవ్వగలిగితే అప్పుడు చూద్దాం.

మా మరదలు మాట తక్కువ మనిషి. ఎప్పుడైనా ఒక మాట అన్నదా, సూదిలా దిగుతుంది. పెళ్ళికి ముందు బట్టల మిల్లులో, మడతల గదిలో పనిచేసేది. నేసి వచ్చిన బట్టను పొడుగాటి బల్ల మీద పరిచి, మరకలూ చిరుగులూ చూసి, తానుగా చుట్టడం ఆ గదిలో పని. ఒకసారి మగ్గం మీద ఎవడో చేసిన పొరపాటుకు, గోరంత ఉండాల్సిన గళ్ళు అరచేతంత పడ్డాయి. పసుపంటే ఆవపిండి పసుపు, నలుపంటే పొయ్యి మసి. కొనేవాడు మొహం మీదే తిప్పికొట్టాడు. నేల తుడుచుకోండని మిల్లువాళ్ళు ఆ బట్టను పనివాళ్ళకు వదిలేస్తే, తుడుపుగుడ్డకి కూడా ఎవరూ ముట్టుకోలేదు. ఈ మహాతల్లి ఆ తానులన్నీ ఇంటికి చేరవేసుకుంది. మోకాళ్ళ కిందకు దిగే కోటు కుట్టుకుంది. చలిరోజుల్లో దానికి లోపల ఉన్ని అస్తరు వేస్తుంది, ఎండలు రాగానే విప్పేస్తుంది. ఒకటి చిరిగితే అదే బట్టతో ఇంకొకటి. వయసు మారింది, జుట్టు మారింది, కోటు మారలేదు.

మా తమ్ముడు సిటీ బస్సు నడిపేవాడు. మిల్లు ముందు స్టాపులో షిఫ్టు దిగిన ఆడవాళ్ళంతా మట్టిరంగు గుంపుగా నిలబడేవారు. ఆ గుంపులో ఒక్క గళ్ళ కోటు. మలుపు తిరగ్గానే అదే కనిపించేదట. ఆ కోటు ఇంకా గేటు దగ్గరే పరిగెత్తుతూ ఉంటే, ఎక్కినవాళ్ళు ఎంత తిట్టినా బస్సు కదిలించేవాడు కాదట. అలా ఆపగా ఆపగా పెళ్ళి దాకా వచ్చింది.

"ఏరా, మొహం చూసి చేసుకుంటున్నావా, కోటు చూసి చేసుకుంటున్నావా?" అని అడిగాను.

"ముందు కోటే కనిపించిందక్కా. మొహం దగ్గరికొచ్చాక చూశాను" అన్నాడు వెధవ.

నేను అలాంటిదాన్ని కాదు. పెద్ద హోటల్లో గదులు సర్దే పని నాది. రకరకాల మనుషుల్ని చూసినదాన్ని. గంటల్లా ఊగే ప్యాంట్లు వస్తే అవి వేశాను. భుజాల్లో దూది కూరిన జాకెట్లు వస్తే అవి వేసి తలుపుల్లో పక్కకు తిరిగి నడిచాను. ఎత్తు మడమల చెప్పులు వస్తే వాటి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కొత్త ఒక వింత, పాత ఒక రోత. నేను వింత పక్షం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మరదల్ని ఎత్తిపొడిచేదాన్ని.

"మీరు ఏటేటా ఒక కొత్త మనిషి, వదినా. మా ఇంట్లో ఒక్క మనిషినే పోషించగలం" అనేది తను, దారం పళ్ళతో తెంపుతూ.

రోజులు బాగానే నడిచాయి. నేను ఒంటరినయ్యాక వాళ్ళ పై వాటాలోనే అద్దెకు దిగాను. మరదలు మిల్లు మానేసి ఇంట్లోనే మిషను పెట్టుకుని, వీధిలోవాళ్ళ బట్టలు బిగించడం, వదులు చెయ్యడం చేసేది. తమ్ముడు స్టీరింగు వదిలి కిటికీ దగ్గర కుర్చీ పట్టాడు. ఆ కుర్చీలో ఉండగానే మతిమరుపు వచ్చింది.

మొదట కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికేది. పొయ్యి వెలిగించడం గుర్తుండేది, ఆర్పడం గుర్తుండేది కాదు. తర్వాత పేర్లు పోయాయి. పేర్ల వెనకే మొహాలూ పోయాయి. ఒకరోజు నన్ను చూసి, "కండక్టరమ్మా, టికెట్లన్నీ అయిపోయాయా?" అన్నాడు. వాడిని చంకనెత్తుకుని మోసినదాన్ని, కండక్టర్నయ్యాను. గట్టిగా అరిచే ఆడమనిషి ఎవరైనా వాడికి కండక్టరే కాబోలు. "అయిపోయాయి, రైట్ రైట్" అన్నాను. పైకి వెళ్ళి తలుపేసుకున్నాను.

కన్నకూతురు మొహం కూడా పోయింది. కానీ భార్యను మాత్రం మరిచిపోలేదు. ఆమె గదిలోకి రాగానే "వచ్చావా" అనేవాడు, నుదుటి ముడతలు విడిపోయేవి. ఎంతైనా ఆలుమగల బంధం అని మేమంతా మురిసిపోయాం. వాడిని పట్టి ఉంచింది బంధం కాదు, బట్ట అని అప్పటికి మాకు తెలియదు.

మా మేనకోడలు, అంటే వాళ్ళ కూతురు, ఒకనాడు తల్లికి కొత్త కోటు తెచ్చింది. ద్రాక్షపండు రంగు, నడుం దగ్గర బిగుతు. ఆ ఏడాది ఎవరిని చూసినా అదే.

"అమ్మా, నీ కోటు చూసి జనం తిరిగి తిరిగి చూస్తున్నారే. ఈ వయసులోనైనా నలుగురిలా ఉండు."

"నలుగురిలా ఉండుంటే మీ నాన్న బస్సు ఆపేవాడా?" అంది తల్లి. అన్నదే గాని, కూతురి మొహం చిన్నబోతుంటే కాదనలేక వేసుకుంది. పదేళ్ళు తగ్గావే అని నేనూ ఎక్కించాను. ఇద్దరం బజారుకు వెళ్ళి సంచులతో తిరిగొచ్చాం. మరదలు బెల్లు కొట్టింది. తమ్ముడు తలుపు తీశాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు.

మరదలు నవ్వింది. "మీ ఆవిడ కావాలి."

"లేదండీ, బయటికెళ్ళింది. వచ్చాక రండి."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. మరదలి నవ్వు అలాగే పెదాల మీద ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"ఏవండీ, నేనండీ!" అని తలుపు కొట్టింది. లోపల కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెడుతున్న చప్పుడు. "వెళ్ళిపోండి" అన్నాడు వాడు. "మా ఆవిడ లేనప్పుడు నేను ఎవరికీ తియ్యను." అంతలో తలుపు సందులోంచి మాడు వాసన. పొయ్యి వెలిగించాడు. ఆర్పే మనిషి బయట నిలబడి ఉంది.

మరదలే ముందు తేరుకుంది. "వదినా, మీ పిల్లి" అంది. నాకు మతి పోయిందో దానికి పోయిందో అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. తన చిరిగిపోయిన పాత కోటు ఒకటి మా పిల్లికి పరుపుగా తెచ్చుకున్నాను. ఈ మోకాళ్ళతో మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. పిల్లిని విసిరి, కోటు తెచ్చాను. మరదలు మెట్ల మీదే ద్రాక్షరంగు విప్పి, ఒళ్ళంతా పిల్లి బొచ్చుతో ఆ గళ్ళు తొడుక్కుని, మళ్ళీ తలుపు కొట్టింది. సందులోంచి ఒక కన్ను చూసింది. కుర్చీ జరిగింది.

"వచ్చావా! ఎవరో ఆవిడ వచ్చిందే, నీ పేరు చెప్పి లోపలికి రాబోయింది. భయమేసింది నాకు."

మరదలు ముందు పొయ్యి ఆర్పింది. తర్వాతే గోడకు ఆనుకుంది.

ఇక గళ్ళు తప్ప వేరే రంగు ఆమె ఒంటి మీద పడలేదు. ఉతికిన రోజున కూడా రెండోది వేసుకునేది. ఆ బట్ట ఒక్కటే తాడు, ఆ తాడు తెగితే వాడు నూతిలోనే. ద్రాక్షరంగుది నేను తీసుకున్నాను. నడుం పట్టలేదు.

అంతటితో ఊరుకుంటే అది ఫ్యాషన్ ఎందుకవుతుంది? మరుసటి ఏడు చలి మొదలయ్యేసరికి, పెద్ద బట్టల కొట్టు అద్దంలో నిలబెట్టిన బొమ్మ ఒంటి మీద మా మరదలి కోటు ఉంది. అవే గళ్ళు, అరచేతంత. అదే ఆవపిండి పసుపు. ఎవరో పాటలు పాడే పిల్ల వేసుకుందట, ఊరు ఊరంతా ఎగబడింది. నెల తిరక్కుండా వీధి నిండా అవే. కాలేజీ పిల్లలు మరదల్ని ఆపి, "ఆంటీ, భలే ఉంది, ఎక్కడ కొన్నారు?" అని అడిగేవారు. జీవితమంతా ఫ్యాషన్ వెంట పరిగెత్తి చెయ్యి విరగ్గొట్టుకున్నది నేను, ఆంటీ భలే అనిపించుకున్నది తనూ! నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు నువ్వే నలుగురిలా ఉన్నావే ఉలిపికట్టా" అన్నాను.

తను నవ్వలేదు. కిటికీ వైపు చూస్తోంది. అక్కడ తమ్ముడు కుర్చీలోంచి లేచి నిలబడి, చెయ్యెత్తి ఊపుతున్నాడు, ఎదురొచ్చే బస్సుకు డ్రైవర్లు ఊపినట్టు. కింద ఒక గళ్ళ కోటు వెళుతోంది. దాని వెనక ఇంకొకటి. వాడు మళ్ళీ ఊపాడు. మూడోదాన్ని చూసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెనక్కు తిరిగి మరదల్ని చూసి, మళ్ళీ కిందకు చూసి, "ఇంతమంది ఎందుకే?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఆ రోజే కిటికీకి తెర కుట్టింది మరదలు. కానీ మనిషిని ఎన్నాళ్ళు గదిలో కూర్చోబెడతాం? వాడికి వీధి కావాలి, బస్సులు కావాలి. చూడకపోతే అన్నం ముట్టడు. స్టాపు పక్కన బెంచీ మీద రోజూ కాసేపు కూర్చోబెట్టేది, మోచెయ్యి మెలేసి పట్టుకుని.

ఒక సాయంత్రం మరదలు దారం కొనాల్సి వచ్చి, ఆ బెంచీకి ఎదురుగా ఉన్న కొట్లోకి ఎక్కింది. అద్దంలోంచి వాడు కనిపిస్తూనే ఉన్నాడు. రంగు సరిచూడ్డానికి తల వంచి ఎత్తేలోపల బెంచీ ఖాళీ.

ఎన్నడూ గొంతెత్తని మనిషి మా కిటికీ కింద నిలబడి "వదినా!" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే దిగాను. చెరో వైపూ పోదామంటే నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం కలిసే పరిగెత్తాం, దాన్ని పరుగనగలిగితే. గళ్ళ కోటు ఎక్కడ కనిపించినా దాని పక్కన వాడు ఉంటాడని అక్కడికి పోయేవాళ్ళం. ఒకటి పండ్ల బండి దగ్గర. కాదు. ఒకటి మందుల షాపు ముందు. కాదు. రోడ్డు దాటుతూ రెండు. కాదు, కాదు. ప్రతిదాని మీదా ఆశ, మొహం తిప్పగానే ఎవరో పరాయి మనిషి. వాడికి రోజూ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. ఒక లారీ గట్టిగా బ్రేకు వేసిన చప్పుడైతే మరదలు కళ్ళు మూసేసుకుంది. "మీరు చూసి చెప్పండి వదినా, నేను చూడలేను" అంది. చూశాను. కుక్క. అదీ బతికింది.

రెండు వీధుల అవతల జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో మా తమ్ముడు. ఒక కుర్రవాడు వాడి చొక్కా కాలరు పట్టుకున్నాడు. తమ్ముడి చేతిలో మాత్రం ఒక గళ్ళ కోటు నడుం పట్టీ ఉంది, గుప్పిట్లో బిగించి. కోటులో ఉన్నది చెవుల్లో తీగలు పెట్టుకున్న పిల్ల, మనవరాలి వయసుంటుంది. ఏడుస్తోంది.

"వయసొచ్చింది, సిగ్గు రాలేదు ముసలోడికి!" అంటున్నాడు ఆ కుర్రవాడు. "ఆ పిల్ల వెంటపడి బెల్టు పట్టుకుని లాగుతున్నాడు!"

"చెయ్యి తియ్యరా!" అన్నాను. "తియ్యి ముందు! వాడు బస్సులు నడిపే రోజుల్లో నువ్వు పుట్టలేదు. వాడికి మతి లేదు. నీకూ లేనట్టుంది, కానీ నీకు వయసుంది, బాగుపడతావు."

చెయ్యి తీశాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ చెయ్యి కాలరు దగ్గరే ఆగేది కాదు.

మరదలు ముందుకెళ్ళి నిలబడింది. "ఏవండీ, ఇదిగో, నేను. ఇంటికి పోదాం రండి."

వాడు ఆమెను చూశాడు. ఆ పిల్లను చూశాడు. రెండు కోట్లు. ఒకటి ఉతికి ఉతికి వెలిసింది, ఒకటి కొత్తది, గళ్ళు మెరుస్తున్నాయి. మళ్ళీ ఇటు చూశాడు. అటు చూశాడు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే.

వాడు ఆ పిల్ల వైపు జరిగాడు. "పదవే, పోదాం. ఇక్కడ జనం ఎక్కువయ్యారు" అన్నాడు దానితో.

మరదలి మొహంలోకి నేను చూడలేదు. తనే ఆ పిల్ల దగ్గరికెళ్ళి మెల్లగా అంది: "భయపడకమ్మా. ఆయనేం చెయ్యరు. నన్ననుకుంటున్నారు నిన్ను. ఇప్పుడు చెయ్యి విడిపిస్తే బెదిరి రోడ్డు మీదకు పరిగెడతారు. ఇల్లు దగ్గరే. అంతవరకు నడుస్తావా?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఈ కాలం పిల్లలని నోటికొచ్చినట్టు అంటాను గానీ, ఆ పిల్ల బంగారం. "ఏం మాట్లాడాలి ఆంటీ?" అంది.

"ఏం మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నేనూ పెద్దగా మాట్లాడను."

అలా బయల్దేరాం. ముందు మా తమ్ముడు, వాడి చెయ్యి పట్టుకుని భార్యగా ఆ పిల్ల. వెనక నేనూ, అసలు భార్యా. లారీలు పక్కనుంచి పోతుంటే వాడు ఆ పిల్లను లోపలి వైపుకు మారుస్తున్నాడు. మలుపు దగ్గర వాడు వెనక్కు తిరిగి చూశాడు. చూసి అడుగు పెంచాడు. పిల్ల చెవి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడాడు, తగ్గించానని వాడనుకున్నాడు గానీ మాకు స్పష్టంగా వినిపించింది.

"వెనక్కు చూడకు. కండక్టరమ్మ ఉంది, ఫర్వాలేదు. ఆ పక్కనున్న ఆవిడ... మొన్న తలుపు దగ్గరికొచ్చింది కూడా ఆవిడే. నీలాగే కోటు కుట్టించుకుని మన వెంటే వస్తోంది. నన్ను వదిలిపెట్టకేం?"

"వదలను తాత... వదలనండీ" అంది ఆ పిల్ల.

మరదలు నడక ఆపింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "దూరంగా నడుద్దాం వదినా" అంది. "భయపడుతున్నారు." అంతే అంది. ఇల్లు చేరేదాకా నాలుగు ఇళ్ళు ఎడంగా నడిచాం, దొంగల్లా.

మేం వెనక మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చి, ఆ పిల్లను వంటగదిలోకి పిలిచి, కోటు విప్పి సంచిలో దాచమన్నాం. నా ద్రాక్షరంగు కోటు కప్పి అదే దారిన పంపించేశాను. మరదలు ఆ వంటగదిలోంచే గదిలోకి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం లోపలికి రాలేకపోయింది. తన ఇంట్లో, తన మొగుడి ముందుకు రావడానికి. వాడు తలెత్తాడు.

"వచ్చావా. ఆవిడ పోయిందా?"

"పోయింది" అంది.

వాడు కుదుటపడి నిద్రపోయాక మరదలు అలమర కింది అరలోంచి తాను తీసింది. మిగిలిన చివరి తాను. తన తర్వాతి కోటుకని దాచినది. బల్ల మీద పరిచి సుద్దతో గీస్తోంది. కొలత చూస్తే తనది కాదు.

"ఎవరికే?" అన్నాను.

"ఆయనకి. ఊళ్ళో గళ్ళు వేసుకున్న ఆడవాళ్ళు కోకొల్లలు. గళ్ళు వేసుకున్న మగాడు ఆయనొక్కడే ఉంటాడు. ఎక్కడ తప్పిపోయినా నా మనిషని ఊరికి తెలుస్తుంది." కత్తెర ఆడించింది. "ఆయనకు తెలియకపోయినా."

కూతురు విని మొత్తుకుంది. "నాన్నకు ఆడవాళ్ళ కోటేంటమ్మా! అత్తా, నువ్వైనా చెప్పు."

"బటన్లు మగాళ్ళకుండే వైపే కుడతాలే" అంది తల్లి.

వీధిలో నవ్వారు. తాత కూడా ఫ్యాషన్ మొదలెట్టాడన్నారు. ఒకరిద్దరికి నేను జవాబు చెప్పాను, తర్వాత నవ్వలేదు. కానీ ఆ కోటు పనిచేసింది. బెంచీ మీద కూర్చుంటే ఎన్ని గళ్ళ కోట్లు ముందునుంచి పోయినా వాడు లేవడం లేదు. తల వంచి తన చేతిని చూసుకుంటున్నాడు, కఫ్ మీద గళ్ళను బొటనవేలితో రాస్తూ. చెయ్యి ఊపడం లేదు, వెతకడం లేదు, వణకడం లేదు. పోనీలే, గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న ఎండ బాగుందని నేనూ వాళ్ళ వెంట వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాను. నడుమ మరదలు, అవతల వాడు. ఇద్దరి ఒంటి మీదా ఒకటే బట్ట. మరదలు వాడి చెయ్యి అందుకోబోయింది. వాడు మర్యాదగా కాస్త పక్కకు జరిగాడు.

"ఏమీ అనుకోకండి" అన్నాడు. "మా ఆవిడ ఇక్కడే ఉంది." అని కఫ్‌ను రెండో చేత్తో మూసి పట్టుకున్నాడు, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు.

మరదలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఇక్కడ కూర్చోవచ్చా అండీ?" అని అడిగింది.

"కూర్చోండి, కూర్చోండి. తనేమీ అనుకోదు. మాట తక్కువ మనిషి."

బస్సు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అది కదిలాక వాడు పక్కకు తిరిగి, దారిలో కలిసిన పెద్దమనుషుల్ని అడిగినట్టు అడిగాడు.

"మీరెక్కడ దిగాలండీ?"

"మీరు దిగేచోటే" అంది మా మరదలు.